రాతి చిత్రాలా, లైట్‌హౌస్సా?

సిడ్నీకి ఉత్తరాన కురింగై ఛేజ్ నేషనల్ పార్క్‌లో ఒక్క పూటే ఉంటే ఏది చూడాలి? బేసిన్ ట్రాక్ అనే నడకదారి మీద ఆదివాసులు బండపై చెక్కిన రాతి చిత్రాలా, 1881లో వెలిగిన బ్యారెన్‌జోయీ లైట్‌హౌస్సా?

ఖర్చు: చిత్రాల వైపు కారుకు ఎంట్రీ ఫీజు. లైట్‌హౌస్ కొండ ఎక్కడానికి టికెట్ లేదు, పార్కింగ్‌కే డబ్బులు.

ప్రయాణం: లైట్‌హౌస్‌కు పామ్ బీచ్ దాకా బస్సుంది. చిత్రాలకు కారు కావాలి. లేదంటే ఫెర్రీలో బేసిన్‌కు వెళ్లి నిటారుగా పైకెక్కాలి.

శ్రమ: లైట్‌హౌస్‌కు మెట్లదారి పొట్టిదే గానీ మోకాళ్లు పట్టేస్తాయి. పక్కనే వాలుదారి ఉంది.

చూపు: లైట్‌హౌస్ ఎప్పుడైనా కనిపిస్తుంది. ఆ కొండరాయితోనే కట్టారు. పేరు మాత్రం ఆదివాసులదే. చిత్రాలు అలా కాదు. మిట్టమధ్యాహ్నం వెళ్తే ఉత్త బండే. పొద్దున గానీ సాయంత్రం గానీ ఏటవాలు ఎండ పడితే గీతల్లో నీడ నిలిచి వాలబీలు (చిన్న కంగారూల్లాంటివి), చేపలు, మనుషులు ఒక్కొక్కటిగా తేలతాయి.

రిస్క్ మన కాళ్ల కిందే: దయచేసి ఆ గీతల మీద నడవకండి. అరిగితే మళ్లీ రావు.

కారు లేకపోయినా, మధ్యాహ్నమే వీలైనా లైట్‌హౌస్‌కు వెళ్లండి. కారూ, పొద్దున్నే లేచే ఓపికా ఉంటే నేను చిత్రాలకే ఓటేస్తాను.