టైమింగ్ లైటు: పాత అంబాసిడర్ మీద ఏడేళ్ల వాడకం తర్వాత

ఇది డయల్ లేని మామూలు జెనాన్ లైటు. ప్లగ్‌లో నిప్పురవ్వ పడ్డ ప్రతిసారీ మెరిసి, ఆ క్షణాన (అదే టైమింగ్) ఇంజను పుల్లీ ఎక్కడుందో చూపిస్తుంది. రెండు క్లిప్పులు బ్యాటరీకి, ఒక క్లాంపు ఒకటో సిలిండర్ ప్లగ్ వైరుకి. ఏడేళ్లుగా 1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్ మీద, అప్పుడప్పుడు పద్మినీ కార్ల మీద వాడుతున్నది. టైమింగ్ పెట్టడానికే దీన్ని కొంటే దాని విలువలో సగమే చేతికొస్తుంది. పుల్లీ మీది గాటు ఎక్కడ నిలిచిందో చూస్తే సరిపోదు, ఎలా ఊగుతోందో చూడాలి. ఏ భాగం అరిగిందో ఆ ఊగుడే పట్టిస్తుంది.

లైటు పట్టుకునే ముందు, ప్లగ్‌లకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి సీబీ పాయింట్ (కాయిల్ కరెంటుని తెంపే కాంటాక్ట్ బ్రేకర్) గ్యాప్ చూడాలి. ఈ ఇంజనుకి 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. పాయింట్‌కున్న ఫైబర్ ముక్క అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే పాయింట్ ఆలస్యంగా విడివడి టైమింగ్ రిటార్డ్ అవుతుంది, అంటే వెనకబడుతుంది. ఇది చూడకుండా డిస్ట్రిబ్యూటర్ తిప్పితే నాడి పట్టకుండా మందిచ్చినట్టే. వేసవిలో ఇంజను వేడెక్కుతోందని రేడియేటర్ కడిగించి, థర్మోస్టాట్ పీకేయించిన బండ్లు కోనసీమలో చాలానే ఉన్నాయి. వాటిలో కొన్నిటికి అసలు జబ్బు రిటార్డ్ టైమింగ్. మంట ఆలస్యంగా మొదలైతే పిస్టన్‌ని తొయ్యాల్సిన వేడి సైలెన్సర్ వైపుకీ, నీళ్లలోకీ పోతుంది. పికప్ చచ్చిపోతుంది, పెట్రోలు తాగుతుంది. టైమింగ్ మరీ అడ్వాన్స్ అయితే (ముందుకి జరిగితే) సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజను వెనక్కి తన్నుతుంది, లోడు మీద నాకింగ్ (టకటక చప్పుడు) వస్తుంది.

వాడే పద్ధతి: ఇంజను బాగా వేడెక్కాక ఆపి, డిస్ట్రిబ్యూటర్ నుంచి కార్బురేటర్‌కి వెళ్లే వ్యాక్యూమ్ పైపు ఊడదీసి కార్బురేటర్ వైపు కొస మూసెయ్యాలి. గాటులో సుద్ద రాయాలి. ఎర్ర క్లిప్పు బ్యాటరీ పాజిటివ్‌కే. పాజిటివ్ బాడీకి కలిపిన పాత బండి అయినా అంతే. క్లాంపు మీద బాణం గుర్తు ప్లగ్ వైపు ఉండాలి, పక్క వైర్లకి ఆనకూడదు. టైమింగ్ కవర్ మీది ముళ్లలో పొడవైనది టీడీసీ (పిస్టన్ పైకొసకి చేరిన చోటు), మిగతా రెండూ దానికి ముందు 5, 10 డిగ్రీలు. బండి మాన్యువల్‌లో చెప్పిన ఆర్పీఎం దగ్గర, చెప్పిన డిగ్రీ పెట్టాలి. లోపల రోటర్ తిరిగే దిక్కుకి ఎదురుగా డిస్ట్రిబ్యూటర్ బాడీని తిప్పితే అడ్వాన్స్, అదే దిక్కుకి తిప్పితే రిటార్డ్.

ఇక గాటు నడక. కదలకుండా నిలబడి, తప్పు చోట ఉంటే బెంగ లేదు: గ్యాప్ మారి ఉంటుంది, లేదా కింది బిగింపు బోల్టు వదులై బాడీ జారి ఉంటుంది. అటూ ఇటూ వణుకుతుంటే రోటర్ షాఫ్ట్‌ని పక్కకి ఊపి చూడాలి. ఆట (వదులు) తెలిస్తే, ఆ షాఫ్ట్ తిరిగే బుష్ అరిగింది. పాయింట్‌ని విడదీసే నాలుగు కామ్ మొనల దగ్గరా గ్యాప్ వేరువేరుగా వస్తే అదే రుజువు. ఇంకో పరీక్ష ఉంది, ఇది చాలామంది చెయ్యరు. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 కాబట్టి ఒకటి, నాలుగు సిలిండర్లకి సరిగ్గా క్రాంక్ ఒక చుట్టు తేడా. క్లాంపుని నాలుగో వైరుకి మారిస్తే గాటు అదే చోట కనబడాలి. రెండు మూడు డిగ్రీలు తేడా వస్తే కొత్త పాయింట్లు ఎన్ని వేసినా ఐడిలింగ్ కుదరదు, షాఫ్ట్ పని చేయించాల్సిందే.

ఇంజను మెల్లగా 2,500 ఆర్పీఎందాకా పెంచితే గాటు సాఫీగా అడ్వాన్స్ వైపు జరిగి, తగ్గించగానే వెనక్కి రావాలి. గెంతుతూ జరిగితే, లేదా తిరిగి రాకపోతే పాయింట్ ప్లేటు కింద, వేగాన్ని బట్టి అడ్వాన్స్ చేసే వెయిట్లు తుప్పుతో పట్టేశాయి. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలిలో ఉండే బండ్లకి ఇది మామూలు. తీసి శుభ్రం చేసి, రోటర్ కింద రెండు చుక్కలు ఇంజనాయిలు వెయ్యాలి. పాయింట్ మీద పడితే మాత్రం కరెంటు ఆగిపోతుంది. 1,500 దగ్గర వ్యాక్యూమ్ పైపు తిరిగి తగిలిస్తే గాటు ఇంకాస్త జరగాలి. జరగకపోతే ఆ పైపుని నోటితో పీల్చి చూడండి: గాలి అలా వచ్చేస్తుంటే డిస్ట్రిబ్యూటర్ వైపు వ్యాక్యూమ్ డబ్బా లోపలి పొర చిరిగింది.

మిస్‌ఫైర్ పట్టడానికీ ఇదే లైటు. కాయిల్ వైరు మీద వెలుగు తప్పుతుంటే దోషం పాయింట్, కండెన్సర్, కాయిల్ దగ్గర. అక్కడ నిలకడగా ఉండి ఒక్క ప్లగ్ వైరు మీదే తప్పితే మూత, రోటర్, ఆ వైరు చూడాలి. ముసురు రోజుల్లో మూత లోపల చెమ్మ పట్టి, దాని వెంట సన్నటి నల్లగీత పడుతుంది. ఆ గీత పడ్డ మూత తుడిస్తే బాగవదు, మార్చాలి.

లైటులో లోపాలూ ఉన్నాయి. మిట్టమధ్యాహ్నపు ఎండలో వెలుగు ఆనదు, పొద్దువాలాకే పని. క్లాంపు దవడల మధ్య నూనె మడ్డి చేరితే వెలుగు తప్పుతూ, లేని మిస్‌ఫైర్ ఉన్నట్టు భ్రమ పెడుతుంది. పెట్రోలు గుడ్డతో తుడిస్తే పోతుంది. వైరు సైలెన్సర్ పైపుకి తగిలితే కరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఈ వెలుగులో ఫ్యాను ఆగినట్టు కనబడుతుంది. చెయ్యి, తువ్వాలు దూరంగా పెట్టండి.

అంతా అయ్యాక లోడు పరీక్ష. మన డెల్టాలో ఎత్తు ఎక్కడుంది? రావులపాలెం దగ్గర గౌతమి వంతెన ఎక్కే దారో, చించినాడ వంతెన దారో చూసుకోవాలి. దారి ఖాళీగా ఉన్నప్పుడు టాప్ గేరులో 40 వేగం నుంచి ఒక్కసారిగా యాక్సిలరేటర్ నొక్కితే క్షణం పాటు సన్నగా టిక్కుమని ఆగిపోవాలి. టకటకమని సాగితే ఒక డిగ్రీ వెనక్కి తిప్పి, మళ్లీ లైటు పట్టి గాటు చూసి, అప్పుడు బోల్టు బిగించండి.