‘24’ చూడాలంటే: మొదటి సీజన్ నుంచా, నేరుగా ఐదో సీజనా?

ఉగ్రవాదుల్ని అడ్డుకునే ఏజెంట్ జాక్ బావర్ కథ, అమెరికన్ టీవీ సిరీస్ ‘24’. సీజన్ మొత్తం ఒకే రోజు, ఎపిసోడ్‌కి ఒక గంట చొప్పున నడుస్తుంది. దీన్ని మొదలుపెట్టాలనుకునేవాళ్లకి సలహాలు రెండు రకాలుగా వస్తాయి. వరసగా చూడమనేవాళ్లు కొందరు. అంత తీరిక లేకపోతే నేరుగా ఐదో సీజన్ పెట్టెయ్, ఎలాగూ గొప్పది అదేగా అనేవాళ్లు ఇంకొందరు. రెండో మాటలో సగం నిజముంది. 2006లో ఉత్తమ డ్రామా సిరీస్‌గా ఎమ్మీ టీవీ అవార్డు, జాక్‌గా వేసిన కీఫర్ సదర్లాండ్‌కి ఉత్తమ నటుడి ఎమ్మీ వచ్చింది ఐదో సీజన్‌కే. కానీ మొదటిసారి చూసేవాళ్లు అక్కడ మొదలుపెడితే నష్టపోయేది కూడా ఆ సీజన్‌లోనే.

ఐదో సీజన్ మొదటి పావుగంటలోనే పాత మనుషుల మీద దాడులు జరుగుతాయి. వాళ్లలో ఒకరు మొదటి సీజన్ నుంచీ, ఇంకొకరు రెండో సీజన్ నుంచీ మనకు తెలిసినవాళ్లు. జాక్ బావర్ పేరు మార్చుకుని ఎందుకు తలదాచుకుంటున్నాడో నాలుగో సీజన్ ముగింపు చూస్తేనే తెలుస్తుంది. జాక్‌కి కంప్యూటర్ల దగ్గర అండగా ఉండే క్లోయీ వచ్చింది మూడో సీజన్‌లో. అధ్యక్షుడు చార్లెస్ లోగన్ భయస్తుడని నాలుగులో చూసి ఉంటేనే ఐదులో అతను చేసే పనులు ఒళ్లు జలదరించేలా ఉంటాయి. ఇవేవీ తెలియకపోయినా కథ అర్థమవుతుంది, దెబ్బ మాత్రం తగలదు.

మరి వరసగా చూస్తే ఎంత సమయం పడుతుంది? ప్రకటనలు తీసేస్తే ఎపిసోడ్ 43 నిమిషాలకు అటూఇటూ, సీజన్‌కి 24 ఎపిసోడ్లు. అంటే సీజన్‌కి 17 గంటలు, 2001 నుంచి 2010 దాకా వచ్చిన ఎనిమిది సీజన్లకూ కలిపి 137 గంటల పైమాట. ఎక్కువే. అందుకే కోత వెయ్యాల్సిందే అనుకుంటే అది ఐదుకి ముందు కాదు, ఐదు తర్వాత వెయ్యాలి.

కోతకు అనువైనది ఆరో సీజన్. మొదటి నాలుగు ఎపిసోడ్లు అద్భుతం, నాలుగో ఎపిసోడ్ చివర జరిగేదాన్ని మించింది తర్వాత ఆ సీజన్‌లో ఏదీ లేదు. అంత పెద్ద ఘటన తర్వాత కథ జాక్ కుటుంబం వైపు మళ్లి, నడుం విరిగినట్టు కూలబడుతుంది. ఆ నాలుగూ చూసి, చివరి ఏడెనిమిది ఎపిసోడ్లకి వెళ్లిపోవచ్చు. చివరివి వదలొద్దు. జాక్ ప్రేయసి ఆడ్రీకి ఏమైందో తెలియకపోతే 2014లో వచ్చిన పన్నెండు ఎపిసోడ్ల కొనసాగింపు ‘లివ్ అనదర్ డే’ ముగింపు బోసిగా ఉంటుంది.

ఏడో సీజన్‌కి ముందు ‘రిడెంప్షన్’ చూడాలి. 2008 నవంబరులో వచ్చిన టీవీ సినిమా ఇది. సంగాలా అనే కల్పిత ఆఫ్రికా దేశం, అధ్యక్షురాలు ఆలిసన్ టేలర్ ప్రమాణస్వీకారం, జాక్‌కి సెనేట్ సమన్లు, అన్నీ ఇందులోనే. ఏడో సీజన్ నడిచేది ఆ దేశం గొడవ మీదే. సీజన్ల జాబితాలో ఇది విడిగా ఉంటుంది కాబట్టి చాలామంది దాటేసి, సెనేట్ విచారణ సన్నివేశంలో తెల్లమొహం వేస్తారు.

రెండోసారి చూసేటప్పుడు లెక్క తిరగబడుతుంది. మొదటి సీజన్ బలమంతా ద్రోహి ఎవరన్న ఉత్కంఠే. ఆ పేరు రచయితలు చిత్రీకరణ మధ్యలో ఖాయం చేసుకున్నారు కాబట్టి, తెలిసి చూస్తే మొదట్లో ఆ పాత్ర ఒంటరిగా ఉన్న సన్నివేశాలు అతకవు. పైగా మొదట అనుమతి దొరికింది 13 ఎపిసోడ్లకే. అక్కడికి ఒక కథ తీరిపోతుంది, తర్వాత వచ్చే మతిమరుపు ఘట్టం సాగతీతే. ఐదో సీజన్‌లో మాత్రం అసలు సూత్రధారి సంగతి సీజన్ మధ్యలోనే బయటపడుతుంది. ఎవరన్నది తేలిపోయాక ఎలా దొరుకుతాడన్నదే ఆట. అందుకే మళ్లీ చూసినా పట్టు సడలదు. లోగన్‌గా వేసిన గ్రెగరీ ఇట్జిన్ మొహంలో పిరికితనం, కుటిలత్వం ఒకే క్షణంలో మారడం రెండోసారే పూర్తిగా కనబడుతుంది.

పాతబడింది ఏమిటంటే, ఫోన్లూ కంప్యూటర్లూ కాదు, చిత్రహింస పెడితే నిజం రాలుతుందన్న నమ్మకం. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ డీన్ ప్యాట్రిక్ ఫినెగన్ 2006లోనే నిర్మాతల దగ్గరికి వెళ్లి అభ్యంతరం చెప్పాడు. నాలుగో సీజన్ వరసగా చూస్తే ఆయన బాధ అర్థమవుతుంది.

చూసే తీరు గురించి ఒకట్రెండు. రోజుకి మూడు ఎపిసోడ్లు మించితే సీటీయూలో (ఉగ్రవాద నిరోధక విభాగంలో) ఇంకో ద్రోహి, ఇంకో అపహరణ అనే మూస బయటపడి విసుగు పుడుతుంది. ఎపిసోడ్ ముందొచ్చే ‘ఇంతవరకు’ భాగం దాటేయండి. చాలాకాలంగా కనబడని మనిషి అందులో మెరిస్తే, ఈ గంటలో వస్తాడని ముందే తెలిసిపోతుంది. తర్వాతి ఎపిసోడ్ తనంతట తనే మొదలయ్యే సౌకర్యం కూడా ఆపేయండి. ముఖ్యమైన మనిషి చనిపోయినప్పుడు చివర గడియారం టిక్ టిక్ లేకుండా మౌనంగా తిరుగుతుంది, యాప్ సరిగ్గా దాన్నే మింగేస్తుంది. స్క్రీన్ నాలుగు ముక్కలయ్యే సన్నివేశాలకి ఫోన్ పనికిరాదు, టీవీ కావాలి.

2017లో కొత్త హీరోతో వచ్చిన అనుబంధ సిరీస్ ‘లెగసీ’లో జాక్ లేడు. జాక్ పాత సహోద్యోగి టోనీ అల్మేడా మీద మమకారం ఉంటే చూడండి, లేదంటే ‘లివ్ అనదర్ డే’ పన్నెండో ఎపిసోడ్‌తో ఆపెయ్యొచ్చు.