రేడియేటర్ ముందా, పైనా? వాటర్ కూలింగ్ పెట్టిన కంప్యూటర్ క్యాబినెట్‌లో గాలికి ఏ దారి మేలు?

నీళ్లు వేడిని మాయం చేయవు, మోసుకెళ్తాయి. ప్రాసెసర్ దగ్గర ఎత్తుకున్న వేడిని సన్నని రేకులున్న రేడియేటర్ దగ్గర దించుతాయి. అక్కడి నుంచి బయటికి పంపాల్సింది మళ్లీ గాలే. అందుకే ఎంత మంచి కూలర్ కొన్నా, రేడియేటర్‌ను క్యాబినెట్‌లో ఎక్కడ బిగించామన్నది దాని పనితీరును మార్చేస్తుంది. ఎక్కువమంది ముందున్న దారులు రెండు.

మొదటిది ముందు ప్యానెల్. ఫ్యాన్లు గది గాలిని లాగి రేడియేటర్ గుండా లోపలికి తోస్తాయి. ప్రాసెసర్‌కు తాజా గాలి దొరుకుతుంది, గ్రాఫిక్స్ కార్డుకు మాత్రం దాని ఎంగిలి గాలి మిగులుతుంది. రెండోది పైకప్పు. ముందు ఫ్యాన్లు తెచ్చిన చల్లగాలి మొదట గ్రాఫిక్స్ కార్డుకు అందుతుంది. అది వేడెక్కించిన గాలే రేడియేటర్ గుండా పైకి పోతుంది. ఎంగిలి ఎవరికి పెట్టాలన్నదే అసలు ప్రశ్న.

చిన్న లెక్క వేద్దాం. ఒక ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు 1,200 జౌళ్లు కావాలి. 240 ఎంఎం రేడియేటర్‌కు 120 ఎంఎం ఫ్యాన్లు రెండు ఉంటాయి. రేకుల అడ్డు దాటి గంటకు 130 ఘనపు మీటర్ల గాలి వెళ్తోందనుకుంటే, ప్రతి 43 వాట్లకు గాలి ఒక డిగ్రీ వేడెక్కుతుంది. గేమ్ ఆడేటప్పుడు ప్రాసెసర్ 90 వాట్లు తింటోందనుకోండి. రేడియేటర్ ముందుంటే గ్రాఫిక్స్ కార్డుకు చేరే గాలి 2 డిగ్రీలే పెరుగుతుంది. అదే రేడియేటర్ పైనుంటే? 300 వాట్ల కార్డు వేడంతా ఆ గాలిలో కలుస్తుంది. వెనక ఫ్యాన్‌తో కలిపి గంటకు 180 ఘనపు మీటర్లు కదిలినా, రేడియేటర్‌కు అందే గాలి దాదాపు 5 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది.

ఇంతవరకే చూస్తే ముందు బిగించడమే గెలుస్తుంది. నేనూ చాలాకాలం అలాగే బిగించాను. ఇప్పుడు మాత్రం పైనే బిగిస్తున్నాను.

ఎందుకంటే ఆ 5 డిగ్రీలు ప్రాసెసర్‌కు లెక్కలోకి రావు. ఏఎండీ ప్రాసెసర్లలో రైజెన్ 7 7800ఎక్స్3డి ఉష్ణోగ్రత హద్దు 89 డిగ్రీలు, రైజెన్ 9 7950ఎక్స్ హద్దు 95. గేమ్‌లో 65 డిగ్రీల దగ్గరుండే ప్రాసెసర్ 70కి చేరితే వేగంలో మీకేమీ తేడా తెలియదు. గ్రాఫిక్స్ కార్డు సంగతి వేరు. దాని ఫ్యాన్లు సన్నవి, లోపలికొచ్చే గాలి రెండు మూడు డిగ్రీలు వేడెక్కినా వేగం పెంచేస్తాయి. చాలా సిస్టమ్‌లలో ముందుగా చెవిన పడే మోత వాటిదే.

మరి ప్రాసెసర్‌కే పూర్తి లోడ్ పడితే, అంటే వీడియో రెండరింగో పెద్ద కోడ్ కంపైల్ చేయడమో అయితే? చాలామంది అప్పుడు ముందు బిగించమంటారు. నేను ఒప్పుకోను. ఆ పనిలో గ్రాఫిక్స్ కార్డు దాదాపు ఖాళీగా ఉంటుంది. క్యాబినెట్ లోపలి గాలి గది గాలికి దగ్గరగానే ఉంటుంది కాబట్టి పైనున్న రేడియేటర్ నష్టపోయేది చాలా తక్కువ. ప్రాసెసర్, కార్డు రెండూ గంటల తరబడి పూర్తి లోడ్‌తో నడిచే త్రీడీ రెండరింగ్ లాంటి పనికైతే ముందు బిగించడమే మంచిది. మామూలు రేడియేటర్ 27 ఎంఎం, ఫ్యాన్ 25 ఎంఎం, కలిపి 52 ఎంఎం మందం. పైన అంత చోటు లేకపోయినా, పొడవాటి ర్యామ్ తగులుతున్నా అప్పుడూ ముందే గతి. కాకపోతే గ్రాఫిక్స్ కార్డు పొడవు కొలుచుకోవాలి.

ముందు బిగించేవాళ్లు బుడగల విషయంలో మాత్రం అజాగ్రత్తగా ఉండకూడదు. ఫ్యాక్టరీలోనే సీలు చేసిన కూలర్‌లో కూడా ఏళ్లు గడిచేకొద్దీ ట్యూబుల గోడల గుండా నీటి ఆవిరి కొద్దికొద్దిగా బయటికి పోతుంది. ఆ ఖాళీలో గాలి చేరి, అన్నిటికన్నా ఎత్తున్న చోట కూర్చుంటుంది. పంపు చాలావాటిలో ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని నీళ్లకు అందించే బ్లాకులోనే ఉంటుంది. రేడియేటర్ పై అంచు దానికంటే కిందుంటే ఆ గాలంతా పంపులోకే వస్తుంది.

నేను బిగించిన ఒక సిస్టమ్‌లో ఇదే జరిగింది. రోజూ ఆన్ చేయగానే గుడగుడమని చప్పుడు, ఏ పనీ లేకుండానే ప్రాసెసర్ వేడి. ట్యూబులు పట్టుకుని చూస్తే ఒకటి కాలుతోంది, రెండోది చల్లగా ఉంది. నీళ్లు తిరుగుతుంటే రెండూ దాదాపు ఒకే వెచ్చదనంతో ఉండాలి. క్యాబినెట్‌ను పక్కకు పడుకోబెట్టి, అటూ ఇటూ వంచి ఆన్ చేస్తే నాలుగు నిమిషాల్లో చప్పుడు తగ్గింది. ఆ సాయంత్రమే రేడియేటర్‌ను పైకి మార్చేశాను. పైన ఉంటే గాలి రేడియేటర్‌లోనే మిగిలిపోతుంది, ఆ టెన్షన్ ఉండదు. ముందే బిగించాల్సి వస్తే రేడియేటర్ పై అంచు పంపుకంటే ఎత్తుగా ఉండాలి. ట్యూబులు అందితే వాటిని కింది వైపు ఉంచండి.

రేడియేటర్‌ను పైన పెట్టి గాలిని లోపలికి లాగేవాళ్లూ ఉన్నారు. పైన ఫిల్టర్ సరిగా లేకపోతే దుమ్మంతా నేరుగా లోపలికి దిగుతుంది, వేడి గాలి కార్డు మీద పడుతుంది. నేను వద్దంటాను. గ్రాఫిక్స్ కార్డును కూడా నీళ్లతో చల్లబరిచే కస్టమ్ లూప్ (విడి భాగాలు కొని మనమే అమర్చుకునేది) అయితే లెక్క మొత్తం మారుతుంది. అక్కడ రేడియేటర్ విస్తీర్ణమే ముఖ్యం.

ఎక్కడ బిగించినా మదర్‌బోర్డును మరవకండి. గాలి కూలర్ ఉన్నప్పుడు దాని ఫ్యాన్ ప్రాసెసర్ చుట్టూ ఉన్న వీఆర్‌ఎంకూ (ప్రాసెసర్‌కు కరెంటు అందించే సర్క్యూట్) ర్యామ్‌కూ కూడా కొంత గాలి తగిలించేది. వాటర్ బ్లాకు పెట్టగానే అది ఆగిపోతుంది. అందుకే వెనక ఫ్యాన్ తీసేయకూడదు.

పైన రేడియేటర్ పెట్టి ముందు ఒకే ఫ్యాన్ వదిలేయడం నేను తరచుగా చూసే తప్పు. బయటికి తోసేది ఎక్కువై, లోపలికి వచ్చేది తక్కువైతే, క్యాబినెట్ వెనక సందుల్లోంచి గాలి దూరుతుంది. అక్కడ ఫిల్టర్ ఉండదు కాబట్టి దుమ్మూ దూరుతుంది. సన్నని టిష్యూ పేపర్ ముక్కను వెనక ఖాళీ స్లాట్ల జాలి దగ్గర పట్టుకోండి. లోపలికి అతుక్కుంటే ముందు ఇంకో ఫ్యాన్ కావాలన్నమాట. బయటికి రెపరెపలాడితే సరిపోయింది. ముందు ప్యానెల్‌లో మూడు ఫ్యాన్లు పెట్టే చోటుంటే మూడూ పెట్టండి. పై వరుస ఫ్యాన్ గాలి కార్డును తాకకుండా నేరుగా రేడియేటర్‌కు పోతుంది. దాన్ని చాలామంది వృథా అనుకుంటారు గానీ, పైనున్న రేడియేటర్‌కు దొరికే కాస్త తాజా గాలి అదే.

మార్చాక పరీక్షించేటప్పుడు ఐదు నిమిషాలకే అంకెలు రాసుకోవద్దు. నీళ్లు మెల్లగా వేడెక్కుతాయి. అరగంట గేమ్ నడిపి, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు అంకెల్లోంచి ఆనాటి గది ఉష్ణోగ్రత తీసేసి పోల్చండి. ఫ్యాన్ల వేగాన్ని వీలైతే నీటి ఉష్ణోగ్రతకు ముడిపెట్టండి. ప్రాసెసర్ ఉష్ణోగ్రత సెకనుకోసారి ఎగిరిపడుతుంది, దానికి ముడిపెడితే ఫ్యాన్లు కూడా అలాగే లేస్తూ తగ్గుతూ ఉంటాయి.