కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్న పిల్లలకు స్కాన్ తీయిస్తున్నారా? తిరుపతిలో మాకు జరిగింది చదవండి

కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం ఆపరేషన్ చేసి అమర్చే పరికరం) వేయించుకున్న పిల్లల తల్లిదండ్రులకు, ముఖ్యంగా తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల వారికి ఈ హెచ్చరిక. చెవికి తగిలించే మెషిన్ తీసేస్తే చాలు, ఎమ్మారై తీయవచ్చని ఎవరు చెప్పినా నమ్మకండి. చర్మం కింద అమర్చిన లోపలి పరికరంలోనూ అయస్కాంతం ఉంటుంది. మెషిన్‌కు ఉండే బయటి కాయిల్ (గుండ్రటి బిళ్ల) తలకు అతుక్కుని నిలిచేది దానివల్లే. తిరుపతిలోని ఒక స్కాన్ సెంటర్ కౌంటర్‌లో మాతో అన్న మాట ఇది: "మెషిన్ తీసేశారు కదమ్మా, ఇక భయం లేదు." ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

మా పాపకు ఆపరేషన్ జరిగి కొన్నేళ్లయింది. చక్కగా వింటూ, మాటలు నేర్చుకుంటున్న పిల్ల పిలిస్తే పలకడం తగ్గిపోయింది. మెషిన్ పెట్టగానే ఆ వైపు కన్ను అదిరేది. మ్యాపింగ్ (మెషిన్ సెట్టింగులు సరిచేయడం) సమయంలో కొన్ని ఎలక్ట్రోడ్ల (వినికిడి నరానికి కరెంటు అందించే బిందువుల) ఇంపీడెన్స్, అంటే కరెంటుకు అడ్డు, బాగా పెరిగిందని ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు) గమనించారు. ఆ ఎలక్ట్రోడ్లున్న తీగ కాక్లియా (లోపలి చెవిలోని నత్తగుల్ల ఆకారపు భాగం) లోంచి వెనక్కి జారిందేమో చూడాలని సర్జన్ అన్నారు. చీటీలో ఏమి తీయాలో స్పష్టంగా రాశారు: కాక్లియర్ వ్యూ ఎక్స్‌రే (కాక్లియాలో తీగ కనిపించే కోణంలో తీసేది), టెంపోరల్ బోన్ హెచ్ఆర్‌సీటీ (చెవి చుట్టూ ఉండే ఎముకను పలుచని స్లైసుల్లో, అంటే పొరల చిత్రాల్లో, చూపే సీటీ).

సెంటర్‌లో ఆ చీటీని సరిగ్గా చదివిన వాళ్లే లేరు. బ్రెయిన్ సీటీ, ఎమ్మారై కలిపి ప్యాకేజీగా తీసుకుంటే తగ్గింపు ఇస్తామన్నారు. ఇంప్లాంట్ కార్డు (పరికరం వివరాలుండే కార్డు) చూపించి, ఎమ్మారై వద్దని గట్టిగా చెప్పాం. సరేనన్నారు. బిల్లులో టెంపోరల్ బోన్ అని వేసి డబ్బు తీసుకుని, తీసింది మాత్రం మామూలు బ్రెయిన్ సీటీ. ఎక్స్‌రే అసలు తీయనేలేదు. రిపోర్టులో మెదడు సాధారణంగా ఉందని రాశారు, ఇంప్లాంట్ గురించి ఒక్క ముక్క లేదు. సీడీ అడిగితే ఫిల్మ్ మాత్రమే ఇస్తామన్నారు.

సర్జన్ ఆ ఫిల్మ్ చూసి పక్కన పెట్టేశారు. కారణం ఆయన చెప్పాకే మాకు అర్థమైంది. కాక్లియా శనగగింజంత ఉంటుంది, దాని ఎత్తు దాదాపు 5 మిల్లీమీటర్లే. వాళ్లు తీసిన స్లైసుల మందమూ 5 మిల్లీమీటర్లే. అంటే కాక్లియా మొత్తం ఒకటి రెండు చిత్రాల్లో ముగిసిపోతుంది. తీగ ఎంతవరకు లోపల ఉంది, కొస మడతపడిందా, మొదట్లోని ఎలక్ట్రోడ్లు బయటికి వచ్చాయా అన్నది అందులో ఎవరికీ కనిపించదు. దీనికి మిల్లీమీటరు కన్నా పలుచని స్లైసులు, ఎముక స్పష్టంగా కనిపించే బోన్ విండో కావాలి. వాళ్ల నిర్లక్ష్యానికి చిన్నపిల్ల తలకు రెండోసారి రేడియేషన్ ఇవ్వాల్సి వచ్చింది. డబ్బు సంగతి తరువాత, అది నేను క్షమించలేను.

రెండోసారి వేరే చోట సరిగ్గా తీశారు. ఆపరేషన్ తరువాత తీసిన పాత ఎక్స్‌రేను కొత్తదాని పక్కన పెట్టగానే తేడా తెలిసిపోయింది. తీగ వెనక్కి జారింది, కొన్ని ఎలక్ట్రోడ్లు కాక్లియా బయట ఉన్నాయి. ఇప్పుడు రివిజన్ సర్జరీకి, అంటే సరిదిద్దే రెండో ఆపరేషన్‌కు, సిద్ధమవుతున్నాం. ఆ పాత ఎక్స్‌రే లేకపోతే, మొదటినుంచీ అంతే లోతులో ఉందో, తరువాత జారిందో తేల్చడం కష్టమయ్యేది. ఆపరేషన్ అయిన వెంటనే తీసిన చిత్రం ప్రతి తల్లీ తండ్రీ అడిగి తీసుకుని, ఇంప్లాంట్ కార్డుతో పాటు భద్రపరచండి. పరికరం మోడల్, సీరియల్ నంబరు ఆ కార్డులోనే ఉంటాయి. కంపెనీని బట్టి ఎలక్ట్రోడ్లు 12, 16, 22 ఇలా ఉంటాయి కాబట్టి, చిత్రంలో లెక్కపెట్టే రేడియాలజిస్టుకు కూడా మోడల్ తెలియాలి.

ఎమ్మారై అన్ని ఇంప్లాంట్లకూ నిషేధమేమీ కాదు. కొన్ని మోడళ్లకు తలకు గట్టిగా కట్టు కట్టి 1.5 టెస్లా (ఎమ్మారై అయస్కాంత బలానికి కొలత) లో తీస్తారు, కొన్నింటికి ముందుగా అయస్కాంతం తీయించాలి, తిరిగే అయస్కాంతం ఉన్న కొత్తవాటికి 3 టెస్లా వరకూ అనుమతి ఉంది. నియమం పాటించకపోతే అయస్కాంతం స్థానం తప్పవచ్చు, తీవ్రమైన నొప్పి వస్తుంది. మత్తిచ్చి పడుకోబెట్టిన పిల్ల ఆ నొప్పి ఎలా చెబుతుంది? పైగా అన్నీ పాటించి తీసినా అయస్కాంతం చుట్టూ పెద్ద నల్లని నీడ పడుతుంది. తీగ ఎక్కడుందో చూడాలంటే ఎక్స్‌రే, సీటీలే దారి. కోన్ బీమ్ సీటీ అనే మరో రకం సీటీలో, లోహం వల్ల చిత్రంలో పడే మెరుపు కొంత తక్కువ, అది దొరికే చోట సర్జన్‌ను అడిగి చూడండి.

ఇంకో మాట. స్కాన్ బాగుందంటే పరికరం బాగున్నట్టు కాదు. తీగ సరైన చోటే ఉండి, లోపలి సర్క్యూట్ పాడైతే ఏ చిత్రంలోనూ కనిపించకపోవచ్చు. దానికి కంపెనీ వాళ్లు చేసే ఇంటెగ్రిటీ టెస్ట్ వేరే ఉంది, అడిగి చేయించండి. చెవి వెనుక వాపు, ఎరుపు, చీము, జ్వరం ఉంటే మాత్రం స్కాన్ సెంటర్ల చుట్టూ తిరగకుండా నేరుగా సర్జన్ దగ్గరికే వెళ్లండి.

డబ్బు కట్టే ముందే కౌంటర్‌లో అడగండి: టెంపోరల్ బోన్ తీస్తారా, స్లైస్ మందం ఎంత, సీడీ ఇస్తారా, రిపోర్టులో ఎలక్ట్రోడ్ స్థానం రాస్తారా. సూటిగా సమాధానం రాకపోతే లేచి వచ్చేయండి. మేము బిల్లు, చీటీ, ఫిల్మ్ మూడూ పెట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తున్నాం. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు. ముందుగా సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.