జాగ్రత్త: థ్రాటిల్ బాడీ కొత్తది వేశామని మెకానిక్ అంటే, పాతది చేతికి వచ్చేదాకా డబ్బు ఇవ్వకండి

చేతులు ఇంకా వణుకుతున్నాయి. రేపటికి కోపం చల్లారితే పోనీలే అని ఊరుకుంటానేమోనని ఇప్పుడే రాస్తున్నా.

బెంగళూరులో పికప్ నడుపుకునే మనవాళ్ళలో చాలామందికి ఆ మెకానిక్ షాపు తెలుసు. పేరు రాయను. ఓనరు మన తెలుగువాడే. మనవాడు కదా అనే వెళ్ళాను.

మాది డీజిల్ బండి. మదనపల్లెలో టమాటా బాక్సులు ఎత్తుకుని కలాసిపాళ్యం మార్కెట్‌లో దించుతాను. పోయిన వారం చింతామణి దాటాక ఇంజిన్ లైటు వెలిగింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి లేవదు. కీ ఆపి మళ్ళీ వేస్తే కాసేపు బాగుంటుంది, తర్వాత మళ్ళీ అదే. దీన్నే లింప్ మోడ్ అంటారు, తప్పు కనిపిస్తే బండి కంప్యూటరే పవర్ తగ్గించేయడం.

షాపులో కుర్రాడు స్కానర్ పెట్టి "అన్నా, పెడల్ కోడ్ వచ్చింది" అన్నాడు. ఓనరు వచ్చి స్కానర్ లాక్కుని, కుర్రాణ్ణి టీకి పంపి, "థ్రాటిల్ బాడీ పోయిందన్నా. మీకు కాబట్టి లేబర్‌తో కలిపి పద్దెనిమిదిన్నర వేలు" అన్నాడు. థ్రాటిల్ బాడీ అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే దారిలో రెక్క ఉండే పార్టు. ఆ "పెడల్" అనే మాట నా చెవిన పడింది. పడినా అడగలేదు. స్క్రీన్ ఫోటో తీసుకోలేదు. బోల్టు విప్పకముందే పదివేలు ఫోన్‌పే చేశాను. పాత పార్టు ఏదంటే "ఎక్స్‌ఛేంజ్‌లో పోయింది" అన్నాడు, సరే అన్నాను. పన్నెండేళ్ళుగా స్టీరింగ్ పట్టిన మనిషిని, ఇంత తేలిగ్గా ఎలా నమ్మానో నాకే అర్థం కావట్లేదు.

రెండు రోజులు బాగా తిరిగింది. నిన్న తెల్లవారుజామున మూడున్నరకు కేఆర్ పురం తీగల వంతెన మీద, నిండు లోడుతో, మళ్ళీ చచ్చింది. వెనక లారీ హారన్లు. ఆ అరగంట టెన్షన్ పగవాడికి కూడా వద్దు. వేరే బండి మాట్లాడి సరుకు పంపేసరికి మార్కెట్‌లో మంచి రేటు దాటిపోయింది.

తెలిసినవాళ్ళు చెబితే ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్ళాను. ముసలాయన. స్కానర్‌లో పీ2138 అనే కోడ్ చూపించాడు. పెడల్‌లో రెండు సెన్సార్లు ఉంటాయట. తొక్కుతుంటే రెండు వోల్టేజీలూ ఒక లెక్క ప్రకారం కలిసి పెరగాలి. చాలా బండ్లలో ఒకటి రెండోదానికి సగం ఉంటుంది. ఆ లెక్క తప్పితే కంప్యూటర్ పెడల్‌ను నమ్మదు, పవర్ తగ్గించేస్తుంది. ఆ కోడ్ చెప్పేది అదే. ఆయన ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి, మల్టీమీటర్ పెట్టి, నన్ను మెల్లగా తొక్కమన్నాడు. వైరు కాస్త కదపగానే ఒక రీడింగ్ సున్నాకు పడిపోయింది. కనెక్టర్ ఊడదీస్తే ఒక పిన్ను చుట్టూ పచ్చగా చిలుము. బండి కడిగినప్పుడు నీళ్ళు దిగాయి. శుభ్రం చేసి, పిన్ను బిగించి, కోడ్ చెరిపి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూపించాడు. ఆరువందలు తీసుకున్నాడు.

డీజిల్ బండిలో స్పీడు పెంచేది ఇంజెక్టర్లు కొట్టే డీజిలేనట. థ్రాటిల్ రెక్క మామూలుగా తెరుచుకునే ఉంటుంది, ఈజీఆర్ (పొగలో కొంత మళ్ళీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) కోసం, ఇంజిన్ కుదుపు లేకుండా ఆగడం కోసం మూసుకుంటుంది. అంటే పెడల్ కోడ్‌కు థ్రాటిల్ బాడీ మార్చడం దండగ. మరి ఆ రెండు రోజులు ఎలా నడిచింది? కోడ్ చెరిపేశారు కాబట్టి లైటు ఆరింది. ఆ వైరు ఊగేదాకా నడిచింది.

అప్పుడు ఆయన బానెట్ కిందికి టార్చి వేసి "ఇది కొత్తదన్నారా?" అని అడిగాడు.

వంగి చూశాను. థ్రాటిల్ బాడీ పైన తళతళలాడుతోంది. ప్లగ్గు కింద సందులో మాత్రం ఎర్రగా, ఎండిపోయిన కుంకుమ. ఆయుధ పూజకు మా అమ్మ బానెట్ ఎత్తించి, నూనెలో కలిపిన కుంకుమతో తన వేలితో పెట్టిన బొట్టు అది. నా పార్టునే తుడిచి, నాకే అమ్మాడు.

ఫోటో తీసుకుని నేరుగా షాపుకు వెళ్ళాను. చూపించాను. అంతవరకు "అన్నా, మీరు" అన్నవాడు ఒక్కసారిగా "నువ్వు"లోకి దిగాడు. "బొట్టు మీద నీ పేరు రాసుందా? బిల్లుందా నీ దగ్గర? పో, ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో." తర్వాత కుర్రాడి వైపు తిరిగి, వీణ్ణి బయటకు పంపరా అని కన్నడంలో అన్నాడు. నాకు కన్నడం రాదనుకున్నట్టున్నాడు. డబ్బు ఒక బాధ. మా అమ్మ పెట్టిన బొట్టును చూసి అంత మాట అన్నాడే, అది దిగమింగలేకపోతున్నా. ఆ కుర్రాడు మాత్రం తల ఎత్తలేదు.

బిల్లు లేదు నిజమే, తెల్ల కాగితం మీద ఎస్టిమేట్ మాత్రమే ఇచ్చాడు. కానీ ఫోన్‌పే రికార్డు ఉంది, ఫోటో ఉంది. పొద్దున్నే 1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేస్తున్నా. బతుకుతెరువు కోసం సొంతంగా బండి నడుపుకునేవాళ్ళకు కూడా వినియోగదారుల చట్టం వర్తిస్తుంది. గూడ్స్ బండి కదా అని ఎవరైనా భయపెడితే నమ్మకండి.

మీరు మాత్రం స్కానర్‌లో వచ్చిన కోడ్ ఫోటో తీసుకోండి. పార్టు మార్చేముందు వైరు, కనెక్టర్, మల్టీమీటర్‌తో వోల్టేజీ చూడమనండి. జీఎస్టీ బిల్లు అడగండి. విప్పిన పాత పార్టు అడిగి మీ చేతికి తీసుకోండి.

ఆ షాపు ఏదో అర్థమైనవాళ్ళు, ఈమధ్య అక్కడ థ్రాటిల్ బాడీ మార్పించి ఉంటే, ఒకసారి బానెట్ ఎత్తి ప్లగ్గు కింద చూసుకోండి. అనుమానం వస్తే నాకు చెప్పండి, కలిసి కంప్లైంట్ ఇద్దాం.