ఫోను లేని నాలుగు రోజులు: కొండ మేలా, తీరం మేలా?

సెలవుల్లో నాలుగు రోజులు ఫోనుకు దూరంగా ఉండాలనుకునేవారికి మన వైపు రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, సిగ్నల్ అందని కొండల్లోకి వెళ్లడం. శ్రీకాకుళం జిల్లాలో అయితే మందస మండలంలో, మహేంద్రగిరి వైపు ఉన్న సవర గూడేలు ముందుగా గుర్తుకొస్తాయి. రెండవది, సిగ్నల్ ఉన్న ఊళ్లోనే ఫోను ఆపి ఉండడం; బారువ, భావనపాడు, కళింగపట్నం వంటి తీర గ్రామాలు ఇందుకు అనువైనవి. విజయనగరం వాసులు తాటిపూడి జలాశయం మాటేమిటని అడగవచ్చు. అది చక్కని చోటే కానీ ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చే విహారం కాబట్టి దానిని ఈ పోలికలో కలపలేదు.

కొండకు ఉన్న మేలును ముందుగా ఒప్పుకోవాలి. అక్కడ మనకు నిగ్రహం అక్కరలేదు. అలవాటుగా చెయ్యి జేబులోకి వెళ్లినా తెర మీద చూడడానికి ఏమీ ఉండదు కాబట్టి, ఒకటి రెండు పూటల్లోనే ఆ తహతహ తగ్గుతుంది. సెలవులో ఉన్నా ఫోను ఎత్తక తప్పని ఉద్యోగులకు ఇది ఇంకా పెద్ద ఊరట; సిగ్నల్ లేదని చెబితే అది అబద్ధం కాదు, పై అధికారి నొచ్చుకోవలసిన పనీ లేదు.

అయితే ఫోను ఇప్పుడు మాట్లాడుకునే సాధనం మాత్రమే కాదు. గడియారం, టార్చిలైటు, డబ్బు సంచి, దారి చూపే పటం, డాక్టరు చిరునామా అన్నీ అందులోనే ఉన్నాయి. దానిని పక్కన పెట్టినప్పుడు ఈ పనులన్నీ ఎవరి మీద పడతాయన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. కొండ మీద అవి మన మీద పడతాయి, లేదా మనకు చోటిచ్చిన ఇంటివారి మీద పడతాయి. చిల్లరతో సహా నగదు, బ్యాటరీ టార్చి, దోమతెర, మందులు ముందే సర్దుకోవచ్చు. రాత్రివేళ పాము కరిస్తే మాత్రం ఆ సర్దుబాటు చాలదు. 112 నంబరుకు మన కంపెనీ టవరు లేకపోయినా మరో కంపెనీ టవరు ద్వారా ఫోను కలుస్తుంది కానీ, ఏ టవరూ అందని చోట అదీ కలవదు. విదేశాల్లో ఇలాంటి ప్రయాణాలకు శాటిలైట్ ఫోను వెంట ఉంచుకోమని సలహా ఇస్తారు. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా దానిని దగ్గర ఉంచుకుంటే కేసు అవుతుంది. ఇక మిగిలేది డోలీ. మనల్ని మోసుకుని కొండ దిగవలసింది ఆ గూడెం కుర్రవాళ్లే.

నాకు కొండ ప్రయాణం మీద మనసు ఒప్పనిది ఇక్కడే. మనకు సిగ్నల్ లేకపోవడం నాలుగు రోజుల విశ్రాంతి. అక్కడివారికి అది ఏడాది పొడవునా ఉండే కష్టం. ఏజెన్సీలో రేషను కోసం వేలిముద్ర వేయాలన్నా సిగ్నల్ దొరికే మిట్ట వెతుక్కుంటూ కొండ ఎక్కవలసిన ఊళ్లు ఉన్నాయి. నెలలు నిండిన ఆడమనిషిని డోలీలో మోసుకువచ్చిన వార్తలు మనం ఎన్నోసార్లు చదివాం. ఆ లేమిని మన సరదాకు వాడుకోవడం, పైగా మన క్షేమం భారాన్ని కూడా వారి భుజాల మీద పెట్టడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ గూడెంలో తెలిసినవారు ఉండి, వారు రమ్మని పిలిస్తే, దారి ఎరిగిన మనిషిని తోడు తీసుకుని చలికాలంలో రెండు రోజులు ఉండి రావడంలో తప్పు లేదు.

తీర గ్రామంలో ఫోను చేసే పనులను ఊరే అందుకుంటుంది. వేళ ఎంతయిందో సరుకు దింపుకుని వచ్చే ఆటో చెబుతుంది, దారి చెప్పడానికి టీ కొట్టు ఉంది, గాలి ఎటు తిరిగిందో, సముద్రం ఎలా ఉందో వేటకు వెళ్లివచ్చినవారిని అడిగితే చాలు. జబ్బు చేస్తే రోడ్డు ఉంది, 108 వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా చేతికి పని దొరుకుతుంది. అలివి వల లాగేటప్పుడు ఒడ్డున రెండు వైపులా జనం వరుసగా నిలబడి, తాడును నడుముకు ఆనించి, మడమలు ఇసుకలో దిగబడేలా వెనక్కి అడుగులు వేస్తారు. అడిగితే ఆ వరుసలో మనకూ చోటిస్తారు. తడి తాడు అరచేతులను ఒరుసుకుంటూ ఉంటే ఫోను గుర్తుకు రాదు. గుర్తొచ్చినా తీయడానికి చెయ్యి ఖాళీగా ఉండదు.

చీకటి పడ్డాక ఫోను ఆపి ఉంచడానికి ఆ తీరానికే ఒక కారణం ఉంది. చలికాలం చివరి నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ ఇసుకలో గుడ్లు పెడతాయి. పిల్లలు ఎక్కువగా రాత్రిపూట బయటికి వచ్చి, నీటి వైపు కనిపించే వెలుగును బట్టి సముద్రానికి దారి పడతాయి. ఒడ్డు మీద దీపం వెలిగితే, అది చేతిలోని సెల్ లైటే అయినా, అవి దారి తప్పి అటువైపు పాకే ప్రమాదం ఉంది.

తీరానికి లోపాలు లేకపోలేదు. సిగ్నల్ ఉంటుంది కాబట్టి రెండో రోజు మధ్యాహ్నానికి మనసు జారడం సహజం; అందుకని ఫోనును సంచిలో దాచుకోవడం కన్నా ఇంట్లోనే వదిలి, ఇంటివారికి మాత్రమే నంబరు తెలిసిన కీప్యాడ్ ఫోను ఒకటి తెచ్చుకోవడం మంచిది. ఈ సముద్రంలో లోతు తెలియకుండా స్నానానికి దిగడం ప్రాణాంతకం. ఇక అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలం. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపానుకు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలి, రోజుల తరబడి కరెంటూ ఫోన్లూ లేక జనం పడిన అవస్థ చూసినవారెవరూ ఆ నెలల్లో వార్తలకు దూరంగా తీరాన ఉండమని చెప్పరు. తప్పనిసరిగా వెళ్లవలసి వస్తే చిన్న రేడియో వెంట ఉండాలి.

కాబట్టి పిల్లలతో, పెద్దలతో వెళ్లే కుటుంబానికి నేను తీరాన్నే మేలంటాను. మొదటిసారి ఫోను వదిలి చూడాలనుకునేవారికీ అదే చెబుతాను. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. బారువకు వెళ్లేవారు హౌరా–చెన్నై మార్గంలోని సోంపేట స్టేషనులో దిగవచ్చు. టికెట్టును రిజర్వేషను కౌంటరులోనే కాగితం మీద తీసుకుంటే ఫోను అవసరం ఆ మేరకు తప్పుతుంది. భావనపాడు వైపు వెళ్లేవారు టెక్కలి మండలం తేలినీలాపురంలో ఆ నెలల్లో చెట్ల మీద గూళ్లు కట్టుకునే గూడబాతులను కూడా చూసి రావచ్చు.