హాలోవీన్ సేఫ్టీ ప్యాక్: మూడింట్లో పనికొచ్చేది టేపే

అక్టోబర్ 31 రాత్రి పిల్లలు వేషాలు వేసుకుని క్యాండీ కోసం ఇంటింటికీ తిరిగే పండగ హాలోవీన్. అక్టోబర్ వచ్చిందంటే అమెరికా స్టోర్లలో కాస్ట్యూమ్‌ల పక్కనే సేఫ్టీ ప్యాక్‌లు వేలాడుతుంటాయి. లోపల ఒక రిఫ్లెక్టివ్ టేపు చుట్ట, బట్టలకి తగిలించే చిన్న ఎల్ఈడీ లైట్లు, వంచితే వెలిగే ప్లాస్టిక్ గొట్టాలు, అంటే గ్లో స్టిక్‌లు, ఓ గుప్పెడు ఉంటాయి. పిల్లలకి గ్లో స్టిక్‌లే కావాలి. కారు నడిపేవాళ్ల కంట పడేది మాత్రం టేపు.

గంటకి 30 మైళ్ల వేగంతో వచ్చే కారు సెకనుకి 44 అడుగులు దూసుకొస్తుంది. మనిషిని చూసి బ్రేక్ మీద కాలు పెట్టేలోపే సెకనున్నర పోతుంది, అంటే 66 అడుగులు. నల్ల గౌను వేసుకున్న బుల్లి మంత్రగత్తె అంత దూరం నుంచి కనబడదు. గ్లో స్టిక్ మసకగా కనబడినా అక్కడున్నది చిన్నపిల్లో, గుమ్మానికి కట్టిన అలంకారమో తెలియదు. టేపు అలా కాదు, హెడ్‌లైట్ వెలుగుని వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. ఇది అతి జాగ్రత్త అనుకునేవాళ్లకి ఒక్క లెక్క చాలు: 1975 నుంచి 2016 వరకు అమెరికా రోడ్డు ప్రమాదాలు చూస్తే, హాలోవీన్ సాయంత్రం పాదచారుల మరణాలు వారం ముందూ వెనకా సాయంత్రాలకన్నా 43 శాతం ఎక్కువ.

అందరూ టేపుని ఛాతీ మీద ఒక గీతలా అంటించి ఊరుకుంటారు. క్యాండీ సంచీ ఎత్తి పట్టుకోగానే అది కాస్తా మాయం. చీలమండల చుట్టూ, మణికట్టుల చుట్టూ వేయండి. ఊగే చేతులు, కదిలే కాళ్లు కనబడితేనే అది మనిషని డ్రైవర్‌కి ఠక్కున తెలుస్తుంది. మెరిసే పాలిస్టర్ మీద జిగురు సరిగా పట్టదు, మంచు పడితే మూలలు లేచిపోతాయి. అందుకే మూలల్ని కత్తెరతో గుండ్రంగా కోసి, బొటనవేలితో గట్టిగా అదిమి, చివర్లకి నాలుగు కుట్లు వేయాలి. ఇస్త్రీ పెట్టె జోలికి వెళ్లొద్దు, బట్ట కరిగిపోతుంది. చలి ఎక్కువ ఉన్నచోట పైన కోటు వేస్తారు కాబట్టి మణికట్టు టేపు కోటు చేతులకే వేయాలి. ఇది మరిచిపోతే పడ్డ కష్టమంతా వృథా.

టేపు వేశాక పరీక్షించడానికి గదిలో లైట్లు ఆర్పి, ఫోన్ టార్చ్‌ని కణత పక్కన పెట్టుకుని పది అడుగుల నుంచి చూడండి. టేపు భగ్గుమనాలి. ఫోన్‌ని చేయి చాపి దూరంగా పట్టుకుంటే డల్‌గా కనిపిస్తుంది, అది టేపు లోపం కాదు.

ఇక ఎల్ఈడీ లైట్లు. చాలావాటిలో ఉండేది బిళ్ల బ్యాటరీ, భయమంతా దానితోనే. బిళ్ల బ్యాటరీల ప్రమాదం నుంచి పిల్లల్ని కాపాడటానికి అమెరికాలో 2022లో వచ్చిన రీస్ చట్టం తర్వాత దాని మూత స్క్రూడ్రైవర్ లాంటి పనిముట్టుతోనో, ఒకేసారి రెండు రకాలుగా చేతులు కదిపితేనో తప్ప తెరుచుకోకూడదు. మూత అంచుని గోటితో లేపి చూడండి, కదిలిందంటే ఆ లైటు పిల్లల చేతికి ఇవ్వొద్దు. బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే ఆహారనాళం కాలిపోవచ్చు. వాంతి చేయించకూడదు, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. ఏడాది దాటిన పిల్లలై, మింగగలుగుతూ, మింగి 12 గంటలు దాటకపోతే దారిలో పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె, ఆరుసార్లకి మించకుండా పట్టొచ్చు. తేనె వెతుకుతూ మాత్రం ఆలస్యం చేయొద్దు.

గ్లో స్టిక్‌లు సరదాకే. లోపల సన్నటి గాజు గొట్టం ఉంటుంది, నోట్లో పెట్టుకుని కొరికే వయసు పిల్లలకి వద్దు. ద్రవం నోట్లో పడితే తుడిచి నీళ్లు తాగించండి, కంట్లో పడితే పావుగంట కడగండి, అమెరికాలో విషాలపై సలహా ఇచ్చే పాయిజన్ కంట్రోల్‌కి 1-800-222-1222 నంబర్‌లో ఫోన్ చేయండి. మెడలో వేసే తాడు లాగితే ఊడిపోయే రకమే ఉండాలి.

ప్యాక్ కన్నా అంగుళం వెడల్పు టేపు విడిగా కొనడం మేలు. చేతులు, కాళ్లతో పాటు క్యాండీ సంచీ రెండు వైపులా అంటించడానికీ కలిపి ఒక్కొక్కరికి నాలుగడుగులు పడుతుంది. పది అడుగుల చుట్ట తెస్తే ఇద్దరికి పోగా రెండడుగులు మిగులుతాయి. వాటిని స్ట్రోలర్ వెనకకో, పక్కన నడిచే పెద్దవాళ్ల కోటుకో వేసుకోవచ్చు.